మావోరి సంగీతంతో మెటల్ పాట కట్టడం ఎలా: మాట నుంచి మిక్సింగ్ దాకా

పసిఫిక్ దీవులైన పాలినీసియా సంగీతాన్ని హెవీ మెటల్‌లో కలపాలనుకునేవాళ్లలో ఎక్కువమంది ముందు రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ పలుకు) రాసుకుంటారు. డ్రాప్ సి ట్యూనింగ్, 180 టెంపో, ఆగని డబుల్ బాస్. పాటంతా సిద్ధమయ్యాక మధ్యలో నాలుగు బార్లు ఖాళీ చేసి, అక్కడ ఓ హాకా (మావోరిల బృంద నృత్యం) కేకో శంఖం శాంపిలో అతికిస్తారు. అది అతుకని మొదటిసారి వినగానే తెలిసిపోతుంది. పని తలకిందులుగా జరగాలి: ముందు మాట, తర్వాత కాలి తొక్కుడు, ఆ రెండూ కుదిరాక రిఫ్, దాని తర్వాతే డ్రమ్ కిట్. వాద్యాల శ్రుతిని బట్టి గిటార్ శ్రుతి మారాలి తప్ప గిటార్‌ని బట్టి వాద్యాలు మారకూడదు. కింద ఉన్నదంతా ఈ వరుసలోనే నడుస్తుంది.

ముందుగా ఒక జాతిని ఎంచుకోండి

పాలినీసియా అంటే ఒకే సంగీతం కాదు. హవాయి, తాహితి, సమోవా, టోంగా, న్యూజీలాండ్ మావోరి, ఎవరి వాద్యాలు వాళ్లవి. తాహితి, హవాయిల్లో సొరచేప చర్మం బిగించిన డోళ్లు ఉన్నాయి. మావోరి సంప్రదాయంలో చర్మవాద్యమే లేదు. వాళ్ల పహూ అనేది చెక్కతో చేసిన పెద్ద గంట లాంటిది, తోలు బిగించిన డోలు కాదు. కాబట్టి మావోరి పాటకు ముందు 'ఆదివాసీ డోళ్లు' అనే శాంపిల్ ప్యాక్ నుంచి టామ్ దరువులు పెడితే అది తప్పు సంగీతం. యుకులేలే కూడా అంతే. 1879లో మడైరా నుంచి హవాయికి వచ్చిన పోర్చుగీసు కూలీల చిన్న గిటార్ నుంచి పుట్టింది అది. వాడొచ్చు, కానీ దాన్ని ప్రాచీన వారసత్వం అనకండి.

ఇక్కడ మావోరి సంగీతాన్నే ఆధారంగా తీసుకుంటున్నాం. ఈ దారిలో బాగా పేరు తెచ్చుకున్న బ్యాండ్ న్యూజీలాండ్‌కు చెందిన ఏలియన్ వెపన్రీ. ఇద్దరు అన్నదమ్ములు 2010లో మొదలుపెట్టారు, మొదటి ఆల్బమ్ 2018లో వచ్చింది. వాళ్లు చిన్నప్పుడు మావోరి మాధ్యమం బడిలో చదువుకున్నారు. అందుకే వాళ్ల పాటల్లో భాష అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. సమోవా దారి కావాలంటే దక్షిణ ఆక్లండ్ బ్యాండ్ షెపర్డ్స్ రెయిన్‌ని వినండి. దరువు వాద్యాల దగ్గర మళ్లీ సమోవా వైపు వద్దాం.

1. మాట, అనుమతి

పాత హకను, పాత మోతెఅతెఅను యథాతథంగా వాడుకోవాలని అనిపిస్తుంది. మానుకోండి. మోతెఅతెఅ అంటే సంప్రదాయ గానం. ప్రతి మోతెఅతెఅకూ ఒక తెగ, ఒక ఊరు, ఒక సందర్భం ఉంటాయి. కాపీరైట్ గడువు తీరినంత మాత్రాన అది ఊరుమ్మడి సొత్తు అయిపోదు. రగ్బీ మైదానాల్లో అందరూ చూసిన 'క మతె' హక ఒక్కదాని కోసమే న్యూజీలాండ్ 2014లో చట్టం చేసింది. వాణిజ్య ప్రచురణలోనో సినిమాలోనో వాడితే, దాన్ని కట్టింది తె రఉపరహ అనీ, ఆయన ఙాతి తోఅ రఙతిర తెగ నాయకుడనీ ప్రకటించాలి. ప్రార్థనలైన కరకియను ఇంట్రో కోసం వాడటం ఇంకా పెద్ద పొరపాటు. దానికి ఎంత ప్రతిధ్వని కలిపినా అది అలంకారం కాదు.

కొత్త సాహిత్యమే రాయించుకోండి. మావోరి మాట్లాడే కవి లేదా గాయకుడు మొదటి రోజు నుంచీ పాటలో భాగస్వామిగా ఉండాలి. చివర్లో తప్పులు దిద్దడానికి పిలిచే మనిషిగా కాదు. రచన వాటాను పని మొదలుకాకముందే కాగితం మీద పెట్టుకోండి. పాట విషయం ఎంత స్థానికంగా ఉంటే అంత నిలబడుతుంది. ఏలియన్ వెపన్రీకి పేరు తెచ్చిన పాటల్లో ఒకటి 1864 ఏప్రిల్ 29న తౌరంగ దగ్గర పుకెహినహినలో బ్రిటిష్ సేనను తిప్పికొట్టిన యుద్ధం గురించి. ఆ యుద్ధంలో ఆ అన్నదమ్ముల పూర్వీకుడు పోరాడాడు. 'ధైర్యం, నెత్తురు, సముద్రం' అని గాల్లో రాసిన పాటకు ఆ బరువు రాదు.

2. మాత్రలు లెక్కపెట్టండి

ఈ పనిలో తెలుగువాళ్లకు రెండు వెసులుబాట్లు ఉన్నాయి. మావోరి కూడా అజంత భాషే, ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తుంది. ఐదు అచ్చులు, వాటి దీర్ఘాలు, పది హల్లులు, అంతే. ఆ లయకు ఆధారం మాత్ర. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. లఘువు, గురువు గుర్తించడం వచ్చినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. పైగా సంయుక్తాక్షరాలు లేవు కాబట్టి వాటి ముందు అక్షరం గురువవుతుందనే చిక్కూ లేదు.

రెండోది లిపి. మన లిపిలో ఎ, ఏలు వేరు, ఒ, ఓలు వేరు. మావోరి హ్రస్వదీర్ఘాలన్నీ తెలుగులో ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. గాయకుడి ముందు పెట్టే కాగితం తెలుగులోనే రాయండి. వాళ్ల ng ధ్వనికి ఙ వాడండి, దాని వెనక గ కలపకండి. ఫ లాంటి ధ్వని పై పళ్లు, కింది పెదవి మధ్య మెత్తగా రావాలి. ప, త, కలు మన ప, త, కల్లాగే, ఊపిరి దూకుడు లేకుండా పలకాలి. ఇంగ్లిష్ మెటల్ పాడి పాడి నాలుక అలవాటు పడినవాళ్లు త దగ్గర గాలి వదులుతారు, వెంటనే దొరికిపోతారు. అన్నట్టు, మనం హాకా అని రాసే మాటలో రెండూ హ్రస్వాలే. అందుకే ఇక్కడ హక అనే రాస్తున్నాం.

దీర్ఘం తప్పితే అర్థం మారుతుంది. తఙత అంటే ఒక మనిషి, తాఙత అంటే మనుషులు. వహినె స్త్రీ, వాహినె స్త్రీలు. అరుపు కోసం హ్రస్వాన్ని రెండు బీట్లు సాగదీశారంటే ఏకవచనం బహువచనం అయిపోయినట్టే. సాగదీత కావాలంటే సాహిత్యం రాసేటప్పుడే ఆ చోట దీర్ఘం పడేలా కవిని అడగండి.

ఇప్పుడు ఒక పంక్తి తీసుకుందాం: 'క తఙి తె పూతాతర'. శంఖం మోగుతోంది అని అర్థం. క ఒకటి, తఙి రెండు, తె ఒకటి, అక్కడికి నాలుగు. పూ రెండు, తా రెండు, తర రెండు. మొత్తం పది మాత్రలు. మాత్రకు ఒక ఎయిత్ నోట్ (అర బీటు) చొప్పున పెడితే పది ఎయిత్‌ల పంక్తి, 4+2+2+2 విరుపు. దీన్ని 4/4లోకి కుదించాలని పూ, తాలను కోసేయకండి. పది పదిగానే ఉండనివ్వండి.

3. కాలు ముందు, క్లిక్ తర్వాత

హకలో తాళం కాలిది. చేతులు తొడ మీద, ఛాతీ మీద కొడతాయి. మాట ఆ తాళం మీద అటూ ఇటూ జారుతుంది. అందుకని మొదటి రికార్డింగ్‌లో మాట, కాలు మాత్రమే ఉండాలి. క్లిక్ (టెంపో చూపే మెట్రోనోమ్ టిక్కు) వద్దు.

12 నుంచి 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పెద్ద ప్లైవుడ్ పలకను కార్పెట్ మీద పరవండి. నేరుగా గచ్చు మీద తొక్కితే చప్పుడు పలచగా వస్తుంది, మడమలు కూడా దెబ్బతింటాయి. కిక్ డ్రమ్ మైక్‌ను పలక అంచుకు 20 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. తొడ, ఛాతీ చరుపులకు నడుము ఎత్తులో, మీటరు దూరంలో ఒక కండెన్సర్ మైక్. మాటలకు విడిగా ఒకటి. నలుగురు తొక్కితే చాలు. పదిమంది కలిసి తొక్కితే అడుగులు ఒకదాని మీద ఒకటి పడి చప్పుడు మసకబారుతుంది. పదిమంది ఉన్నారన్న భ్రమ నలుగురిని మూడుసార్లు రికార్డు చేసినా వస్తుంది.

మంచి టేక్ దొరికాక డా (కంప్యూటర్ రికార్డింగ్) సాఫ్ట్‌వేర్‌లో ఆ అడుగుల మీదుగా టెంపో మ్యాప్ గీయండి. నాయకుడి పిలుపు దగ్గర వేగం కాస్త తగ్గడం, గుంపు జవాబిచ్చే చోట నిమిషానికి రెండు మూడు బీట్లు పెరగడం మామూలే. ఆ ఊగిసలాటను ఉంచుకోండి. తర్వాత గిటార్, డ్రమ్స్ ఈ మ్యాప్ ప్రకారం వాయిస్తారు. అడుగులను గ్రిడ్‌కు క్వాంటైజ్ చేస్తే (లెక్కకు సరిగ్గా జరిపితే) మొత్తం పాడైపోతుంది. గుంపు తొక్కుడులో ఒక్కో కాలు 10 నుంచి 30 మిల్లీసెకన్ల తేడాతో పడుతుంది. ఆ వెడల్పే చెవికి బరువుగా తోచేది.

4. రిఫ్

పది మాత్రల పంక్తికి రిఫ్ ఇలా: మొదటి నాలుగు హ్రస్వాలకు కింది తీగ మీద పామ్ మ్యూట్‌తో నాలుగు దెబ్బలు. పూ దగ్గర ఒక ఫ్రెట్ పైన పవర్ కార్డ్ (మూలం, పంచమం మాత్రమే), రెండు మాత్రలు మోగనివ్వాలి. తా దగ్గర మూల స్వరం కార్డ్, మళ్లీ రెండు మాత్రలు. తర దగ్గర రెండు మ్యూట్ దెబ్బలు. పది చోట్లలో ఎనిమిది దెబ్బలన్నమాట. కిక్ డ్రమ్ ఈ ఎనిమిదినే పట్టుకోవాలి. కాలి తొక్కుడు 1, 3, 5, 7, 9 చోట్ల పడుతుంది, అన్నీ రిఫ్ దెబ్బలతో కలుస్తాయి. స్నేర్‌ను మాత్రం మామూలు 4/4 లోలాగే ప్రతి నాలుగు ఎయిత్‌లకు ఒకటి వదలండి. మొదటి ఆవృత్తంలో అది 3, 7 మీద పడుతుంది, రెండోదానిలో 1, 5, 9 మీద. నాలుగు ఆవృత్తాలకు 40 ఎయిత్‌లు, అంటే సరిగ్గా 4/4లో ఐదు బార్లు. డ్రమ్మర్ ఐదు బార్లు లెక్కపెట్టుకుంటే చాలు, మిగతావాళ్లు మాటను పట్టుకుంటారు.

ఒక ఫ్రెట్ పైకి వెళ్లి మూలానికి తిరిగి రావడం అనుకోకుండా రాసింది కాదు. మోతెఅతెఅ స్వరపరిధి చిన్నది. ఒక స్థాయి స్వరం చుట్టూ, మూడు నాలుగు స్వరాల్లోపు తిరుగుతుంది, వాటి మధ్య దూరాలు కూడా పియానో మెట్లకు సరిపోవు. మెటల్‌లోనూ ఓపెన్ తీగను పట్టుకుని పక్క స్వరానికి వెళ్లొచ్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఈ రెండు సంగీతాలూ నిజంగా కలిసే చోటు ఇదే. ఆర్పెజియోలు, నియోక్లాసికల్ పరుగులు, మేజర్ కార్డుల కోరస్‌లు పెట్టారంటే ఆ కలయిక చెడిపోతుంది.

వేగమైన వర్స్ కావాలంటే పాతెరె పద్ధతి చూడండి. రాగం లేకుండా, మాటలు గుక్కతిప్పుకోకుండా దొర్లే రకం అది. త్రాష్ వర్స్‌కు ఇంతకంటే సరిపోయేది దొరకదు. కోరస్‌కు పిలుపు, జవాబు. కఎఅ అనే నాయకుడు పిలిచేటప్పుడు గిటార్లు పూర్తిగా ఆగాలి, కాలు మాత్రమే నడవాలి. గుంపు జవాబు మొదటి అక్షరం మీద బ్యాండ్ అంతా ఒక్కసారి దిగాలి. ఆ ఆగిన చోట డ్రమ్మర్లకు చేయి ఊరుకోదు, ఫిల్ వేసేస్తారు. వెయ్యనివ్వకండి.

5. వాద్యాలు, శ్రుతి

మావోరి వాద్యాలను కలిపి తఒఙ పూఒరొ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు మూగబోయిన ఈ వాద్యాలను హిరిని మెల్బర్న్, రిచర్డ్ నన్స్, చెక్కడం పనివాడు బ్రయన్ ఫ్లింటాఫ్ తదితరులు మళ్లీ నిలబెట్టారు. మెటల్ పాటకు పనికొచ్చేవి ముఖ్యంగా ఇవి.

పూతాతర, చెక్క మూతి అమర్చిన శంఖం. పూకాఎఅ, పొడవాటి చెక్క బాకా. కోఔఔ, సాధారణంగా మూడు రంధ్రాల పొట్టి వేణువు. పూతోరినొ, మధ్యలో ఉబ్బి చివర్లు సన్నబడే వాద్యం, బాకాలా ఊదితే ఒక గొంతు, వేణువులా ఊదితే ఇంకో గొంతు. పూరెరెహుఅ, తాడు కట్టి తల చుట్టూ తిప్పే పలక, గుర్రుమని మోగుతుంది. పొరొతితి, రెండు తాళ్ల మధ్య గిర్రున తిరిగే బిళ్ల. తుముతుము, తట్టి వాయించే రాయి, ఎముక, చెక్క.

న్యూజీలాండ్ నుంచి తెప్పించుకుంటే చెక్కవీ రాతివీ చూసుకోండి. తిమింగలం ఎముకతో చేసినవి అంతర్జాతీయ నిబంధనల వల్ల కస్టమ్స్‌లో ఆగిపోతాయి. శంఖం దగ్గర మనవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. చరోనియా ట్రైటోనిస్ అనే పెద్ద శంఖం భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, బీచ్ దుకాణంలో దొరికినా కొనకూడదు. పూజాశంఖం వేరే జాతి, దాని గొంతు వేరు. దాన్ని ఊది పూతాతర అని పేరు పెట్టకండి. ఇక్కడ వాద్యం దొరకకపోతే అక్కడి వాద్యకారుడి చేత రికార్డు చేయించి ఫైళ్లు తెప్పించుకోవడమే సరైన పద్ధతి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఎఫెక్టులు లేకుండా, ముందూ వెనకా పది సెకన్ల గది నిశ్శబ్దంతో పంపమని అడగండి.

శ్రుతికి శంఖమే పెద్ద. దానిది దాదాపు ఒకటే స్వరం, మార్చలేం. ఐదు నిమిషాలు ఊదించి, లోపలి గాలి వేడెక్కాక ట్యూనర్‌తో చూడండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పెరుగుతుంది. ఏసీ గదిలో మొదటి ఊపిరికి చూసిన లెక్క చివరికి ఉండదు. ఉదాహరణకు శంఖం ఎఫ్ కంటే 30 సెంట్లు పైన, అంటే సుమారు 355 హెర్ట్జ్ దగ్గర ఆగిందనుకుందాం. ఎఫ్‌నే మూలం చేస్తే గిటార్ మరీ కిందికి పోతుంది. శంఖాన్ని పంచమం చేసుకోండి. అప్పుడు మూలం బి ఫ్లాట్. డ్రాప్ బి ఫ్లాట్ ట్యూనింగ్, అన్ని తీగలూ 30 సెంట్లు పైకి. ట్యూనర్ ఆధారం 440 బదులు 447.7 హెర్ట్జ్ అవుతుంది. చాలా పెడల్ ట్యూనర్లు 445 దగ్గర ఆగిపోతాయి, కంప్యూటర్ ట్యూనర్ వాడండి. 25.5 అంగుళాల గిటార్‌కు కింది తీగ 60 లేదా 62 మందం ఉండాలి. పలచటి తీగ వేస్తే గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పైకి జారి, శంఖంతో కుదిర్చిన శ్రుతి వృథా అవుతుంది. ఐదు తీగల బేస్ గిటార్‌కు 130 లేదా 135.

రికార్డు చేశాక కంప్యూటర్‌లో శంఖం శ్రుతిని మార్చేస్తే సరిపోదా అంటే, సరిపోదు. 30 సెంట్లు కిందికి జరిపితే అంతగా తెలియకపోవచ్చు, కానీ పెదవి కదలికతో స్వరం వంగే చోట సాఫ్ట్‌వేర్ తడబడి లోహపు గరగర వస్తుంది. వేణువులకు ఆటోట్యూన్ అసలే వద్దు. కోఔఔ స్వరం ఊదే కోణాన్ని బట్టి జరుగుతుంటుంది, ఆ జరుగుడే దాని సంగీతం. దాని కింద గిటార్ మూలం, పంచమం మాత్రమే పట్టుకోవాలి. గాంధారం కలిపిన కార్డు పెడితే అపశ్రుతి అంతా వేణువు మీదికి నెట్టినట్టు వినిపిస్తుంది, నిజానికి తప్పు కార్డుది.

6. మైకులు

శంఖం చాలా పెద్దగా మోగుతుంది. ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైక్‌ను మీటరు దూరంలో, శంఖం నోటికి కొంచెం పక్కగా పెట్టండి. గది బాగుంటే మూడు మీటర్ల దూరంలో ఇంకో మైక్. ఇంట్రోలో ఎక్కువగా పనికొచ్చేది ఆ దూరపు మైకే.

కోఔఔకు కండెన్సర్ మైక్, 30 నుంచి 40 సెంటీమీటర్లు, ఊపిరి దారికి అడ్డంగా, సూటిగా కాదు. 150 హెర్ట్జ్ కింద కోసేయండి. ఊపిరి చప్పుడును మాత్రం నాయిస్ రిడక్షన్‌తో తుడవకండి. అది తీసేస్తే మిగిలేది సింథసైజర్ వేణువు.

పూరెరెహుఅ విషయంలో భద్రత ముందు. తాడు ఒరుసుకుపోయిందేమో, ముడి బిగువుగా ఉందో లేదో ప్రతిసారీ చూడండి. తాడు పొడవు కంటే కనీసం రెండు మీటర్లు ఎక్కువ దూరం చుట్టూ ఖాళీ ఉండాలి. లైట్లు, సింబల్ స్టాండులు, మైకులు ఆ వలయం బయటే. రెండు కండెన్సర్లకు ఫోమ్ తొడుగులు వేసి ఎడమ, కుడి వైపుల పెడితే పలక తిరుగుడు స్టీరియోలో నిజంగా తిరుగుతుంది. వేగం పెంచితే స్వరం పెరుగుతుంది. బ్రేక్‌డౌన్ ముందు ఎనిమిది బార్ల పాటు మెల్లగా వేగం పెంచమనండి, ఏ రైజర్ శాంపిల్ కంటే బాగుంటుంది. దాని బరువంతా కింది స్థాయిలోనే కాబట్టి ఆ ఎనిమిది బార్లూ బేస్ గిటార్ ఊరుకోవాలి.

పొరొతితి చాలా సన్నటి చప్పుడు. పది సెంటీమీటర్ల దగ్గరికి మైక్ రావాలి, ఫ్యాన్, ఏసీ ఆపాలి.

7. గొంతులు

గుంపు గొంతుకు ఆరుగురు లేదా ఎనిమిది మంది, మైక్‌కు రెండు మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా. మూడు నాలుగు టేకులు, ప్రతిసారీ నిలబడే చోటు మార్చాలి. అందరూ ఒకే స్వరం. హార్మొనీ పాడితే చర్చి కోరస్ అవుతుంది. మోతెఅతెఅ తరహా భాగంలో గానం తెగకూడదు. పాట మధ్యలో తెగడాన్ని పూర్వం అపశకునంగా చూసేవారు. ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు పక్కవారు పట్టుకుని ఉండాలి, అందరూ ఒకేచోట ఆగకూడదు. ఎడిటింగ్‌లో అలవాటు కొద్దీ పంక్తికీ పంక్తికీ మధ్య నిశ్శబ్దం కోసేవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

తోడు లేకుండా పాడే గుంపు శ్రుతి మెల్లగా పక్కకు జరుగుతుంటుంది. తర్వాత గిటార్ దిగాల్సి ఉంటే, హెడ్‌ఫోన్‌లో మూల స్వరాన్ని సన్నగా వినిపించండి.

స్క్రీమ్‌లో హల్లులు పోతాయి, అచ్చులన్నీ అ వైపు వెళ్లిపోతాయి. మావోరిలో అచ్చు పోతే మాటే పోయినట్టు. అదే గాయకుడి చేత అదే పంక్తిని గట్టిగా మాట్లాడించి, ఆ ట్రాక్‌ను స్క్రీమ్ కింద 8 డెసిబెల్స్ తగ్గించి ఉంచండి. విన్నవారికి స్క్రీమే వినిపిస్తుంది, మాట మాత్రం దీని నుంచి అందుతుంది. ఫైనల్ చేసేముందు భాష వచ్చిన మనిషికి కాగితం ఇవ్వకుండా వినిపించి, అర్థమైంది చెప్పమనండి. మూడో వంతు తెలియకపోతే మళ్లీ రికార్డింగే.

8. దరువు వాద్యాలే కావాలంటే

అప్పుడు తాహితి, సమోవాల వైపు వెళ్లండి. తాహితి తోఎరె అంటే చీలిక పెట్టి తొలిచిన దుంగ, కర్రతో కొడతారు. దానికి తోడుగా ఫఅతెతె అనే చిన్న చర్మపు డోలు, కింద పెద్ద డోళ్లు. సమోవాలో చీలిక దుంగను పాతే అంటారు. చుట్టిన చాపను కర్రలతో బాదే ఫల కూడా ఉంది. వీటి దరువులు సిక్స్‌టీన్త్ నోట్లలో పరుగెత్తుతాయి, కాబట్టి డబుల్ బాస్‌తో జోడీ కుదురుతుందని అనిపిస్తుంది. కుదరదు. రెండూ ఒకేసారి నిండుగా వాయిస్తే వినేవాడికి కుట్టుమిషన్ చప్పుడే మిగులుతుంది. తోఎరె సిక్స్‌టీన్త్‌లు నడిపేటప్పుడు కిక్ దాని ఊనికలను మాత్రమే కొట్టాలి. కిక్ పరుగెత్తితే తోఎరె పిలుపు పంక్తులకు తగ్గాలి.

చీలిక దుంగ టక్కుమనే చప్పుడు సుమారు 800 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. స్నేర్ ఉండేదీ అక్కడే, గిటార్ పిక్ ఉండేదీ అక్కడే. తోఎరె ఉన్న బార్లలో స్నేర్ తీసేసి, ఆ పని ఫ్లోర్ టామ్‌కు ఇవ్వండి. రెండు దుంగలుంటే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి సగం దూరం జరపండి. బ్లాస్ట్ బీట్ కింద తోఎరె పెట్టడం మాత్రం శుద్ధ దండగ, ఎంత పెంచినా వినపడదు.

9. మిక్స్

డిస్టార్షన్ గిటార్ 300 హెర్ట్జ్ నుంచి 4 కిలోహెర్ట్జ్ దాకా గోడ కడుతుంది. కోఔఔ, గుంపు గొంతు, శంఖం అన్నీ ఆ గోడ వెనకే. ఈక్వలైజర్‌తో కన్నం పెట్టడం ఆఖరి ఉపాయం. మొదటిది అరేంజ్‌మెంట్: వేణువు వచ్చే చోట నాలుగు గిటార్ ట్రాకులను రెండు చేయండి, లేదా బేస్, డ్రమ్స్ మాత్రమే ఉంచండి. రెండోది వాల్యూమ్ ఆటోమేషన్, గుంపు జవాబు దగ్గర గిటార్లు 2 డెసిబెల్స్ కిందికి. అప్పటికీ చాలకపోతే 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య గిటార్లలో 2 లేదా 3 డెసిబెల్స్ కోత. గిటార్లకు 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెడితే కాలి తొక్కుడుకు కింద చోటు దొరుకుతుంది.

కాలి తొక్కుడు, కిక్ ఒకేచోట పడతాయి కాబట్టి ఫేజ్ చూడండి. రెండూ కలిపినప్పుడు బరువు పెరగకుండా తగ్గితే ఒకదాని పొలారిటీ తిప్పండి. తొక్కుడు ప్రతిసారీ ఒకేలా పడదు, కాబట్టి కిక్‌ను శాంపిల్‌తో సమం చేసినా తొక్కుడును అలాగే వదిలేయండి.

మాస్టరింగ్‌లో అందరూ మర్చిపోయేది ఇంట్రో. లిమిటర్ గట్టిగా నొక్కితే శంఖం, ఊపిరి, కాలు అన్నీ బ్యాండ్ అంత పెద్దవైపోతాయి. రిఫ్ దిగినప్పుడు గుండె దడదడలాడాల్సింది పోయి ఏమీ జరగనట్టు ఉంటుంది. ఇంట్రోను మొదటి రిఫ్ కంటే 6 నుంచి 8 డెసిబెల్స్ తక్కువగా ఉంచమని మాస్టరింగ్ ఇంజినీర్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

10. వేదిక మీద

వేణువును హై గెయిన్ ఆంప్ ముందు వాయిస్తే మైక్‌లోకి గిటారే వస్తుంది, గెయిన్ పెంచగానే ఫీడ్‌బ్యాక్. ఇయర్ మానిటర్లు వాడండి. వేణువు భాగంలో గిటార్లు వాల్యూమ్ తగ్గించడం కాదు, పూర్తిగా మ్యూట్ చేయాలి. వేణువు మైక్‌ను సౌండ్ ఇంజినీర్ ఆ భాగంలోనే తెరవాలి, గేట్ మీద నమ్మకం పెట్టుకోకండి. పూరెరెహుఅను ఇరుకు వేదిక మీద తిప్పకండి, రికార్డింగ్‌ను ప్లేబ్యాక్‌లో వాడండి.

వేదిక లైట్ల వేడికి శంఖం శ్రుతి ఇంకొంచెం పెరుగుతుంది. పాటకు ముందు పక్కన రెండు నిమిషాలు ఊదించి, తేడా ఎంత వస్తోందో సౌండ్ చెక్‌లోనే రాసుకోండి. పది సెంట్లు దాటితే ఆ పాటకు వేరే గిటార్, వేరే శ్రుతిలో సిద్ధంగా ఉంచుకోవడం నయం. వాద్యాలను తిండి, బీరు సీసాలు పెట్టే బల్ల మీద పెట్టకండి. మావోరి పద్ధతిలో తిండికీ తఒఙకూ (అపురూపమైన వస్తువులకూ) మధ్య ఎడం ఉండాలి. పెట్టె తెరిచి స్టాండు మీద, గుడ్డ పరిచి ఉంచండి.

విడుదల చేసేటప్పుడు క్రెడిట్లలో ఈ వివరాలు ఉండాలి: సాహిత్యం ఎవరిది, వారి తెగ ఏది (వారు రాయమన్నట్టే), ప్రతి వాద్యం పేరు, వాయించిన మనిషి, చెక్కిన మనిషి, అనుమతి ఇచ్చిన పెద్దలు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు. దీర్ఘాలను చూపే గీతలు పాట పేరులోనూ ఉండాలి. పాట అప్‌లోడ్ చేసే సైట్లలో కొన్నిసార్లు ఆ గీతలు రాలిపోతాయి, అందుకే పాట బయటికి రావడానికి రెండు వారాల ముందే పేజీ తెరిచి సరిచూసుకోండి.